వడదెబ్బకు వేడి గాలి

ఒళ్లు కాలిపోతూ, స్పృహ తప్పి ఆసుపత్రికి వచ్చిన వడదెబ్బ రోగి మీదకు 45 డిగ్రీల వేడి గాలి తోలితే ఏమవుతుందిరా చంటీ?

"ఉన్న ప్రాణం కాస్తా పోతుంది తాతయ్యా."

ఎవరినడిగినా అదే అంటారు. కానీ 1980ల్లో మక్కాలో సరిగ్గా ఆ పనే చేశారు. జనం బతికారు కూడా. వేళాకోళం కాదు, విను.

ముందు ఆ మంచం సంగతి చెబుతాను. నవారు, పరుపు ఏమీ ఉండవు. ఎత్తుగా బిగించి కట్టిన వల, అంతే. రోగి బట్టలు తీసేసి దాని మీద పడుకోబెడతారు. వల కాబట్టి వీపుకు కూడా గాలి ఆడుతుంది. పైనుంచీ కిందనుంచీ సన్నటి తుంపర పడుతూ ఉంటుంది. ఆ నీళ్లు 15 డిగ్రీలవి, చల్లగా ఉంటాయి. తుంపరతో పాటే 45 డిగ్రీలకు కాచిన గాలి ఒంటి మీదుగా జోరుగా వీస్తుంది. ఈ రెండూ కలిసి చర్మాన్ని 32, 33 డిగ్రీల మధ్య నిలబెడతాయి. ముట్టుకుంటే గోరువెచ్చగానే తగులుతుంది. లోపలి వేడి మాత్రం 42 నుంచి ఒక్కో గీతా దిగుతూ వస్తుంది.

దీన్ని రూపొందించినవాళ్లిద్దరు. లండన్‌లో జోసెఫ్ వైనర్, కువైట్ విశ్వవిద్యాలయంలో ముస్తఫా ఖొగాలీ. 1980లో 'లాన్సెట్' పత్రికలో దీని గురించి రాశారు. వైనర్ గురించి ఇంకో ముక్క చెప్పకపోతే నాకు తోచదు. ఇంగ్లండులో పిల్ట్‌డౌన్ అనే చోట ఒక పుర్రె దొరికిందనీ, కోతికీ మనిషికీ మధ్య తప్పిపోయిన లంకె అదేననీ నలభై ఏళ్లు పెద్దపెద్దవాళ్లే నమ్మారు. 1953లో అది పచ్చి మోసమని, మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ జతచేసి రంగు పూశారని బయటపెట్టిన ముగ్గురిలో ఈయనొకడు. అనుమానం మొదట వచ్చింది ఈయనకే. పుట్టింది దక్షిణాఫ్రికా. అక్కడి బంగారు గనుల్లో, పాతాళమంత లోతున ఉక్కలో పనిచేసే కూలీల ఒళ్లు వేడికి ఎలా అలవాటు పడతాయో చూసిన మనిషి. పైకి కనిపించేదాన్ని చటుక్కున నమ్మని బుర్ర కాబట్టే కాలిపోతున్న మనిషికి వేడి గాలి పెట్టాలని తోచి ఉంటుందని నా ఊహ.

ఇంతకీ వేడి గాలి ఎందుకు? చర్మానికి ఐసుముక్క ఆనించి చూడు. తెల్లబడుతుంది. కింది రక్తనాళాలు ముడుచుకున్నాయన్నమాట. ఒంట్లోని వేడిని బయటి చర్మం దాకా మోసుకొచ్చేది రక్తమే కదా. ఆ రక్తం రాకుండా నాళాలు మూసుకుపోతే లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. పైగా చలికి వణుకు పుడుతుంది. వణుకంటే ఏమిటి, కండరాలు టపటపా కొట్టుకుని వేడి పుట్టించడమేగా! చల్లబరచాల్సిన మనిషి చేత మనమే వేడి పుట్టించినట్టు అవుతుంది. చర్మాన్ని గోరువెచ్చగా ఉంచితే నాళాలు విచ్చుకునే ఉంటాయి, వణుకు రాదు. మిగతా పని ఆవిరి చేసిపెడుతుంది.

వేసవిలో మన వసారాలో పెట్టే మంచినీళ్ల కుండ చేసే పనే ఇది. కుండ ఒంటికి చెమర్చిన నీరు ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. వడగాలి తగిలేచోట పెడితే నీళ్లు జిల్లుమంటాయి, గాలి ఆడని మూల గదిలో పెడితే చప్పగా ఉంటాయి. కుండను చల్లబరుస్తున్నది ఆ పొడి గాలే.

కాగితం పెన్సిలు తీసుకో, చిన్న లెక్క. 60 కిలోల మనిషిని ఒక్క డిగ్రీ దించాలంటే ఇంచుమించు 50 కిలో కేలరీల వేడి బయటికి లాగాలి. 42 నుంచి 39కి రావాలంటే 150. చర్మం మీద ఒక గ్రాము నీరు ఆవిరైతే సుమారు 580 కేలరీలు పోతాయి, అంటే అర కిలో కేలరీ కంటే కాస్త ఎక్కువ. భాగించి చూడు. పావు లీటరు పైచిలుకు నీళ్లు, పెద్ద గ్లాసుడు! అదే పని ఐసు కరిగించి చేయాలంటే గ్రాముకు 80 కేలరీలే కనుక రెండు కిలోలకు దగ్గరగా ఐసు కరగాలి.

"మరి గ్లాసు నీళ్లు పోస్తే సరిపోతుందిగా తాతయ్యా."

పోస్తే సరిపోదు, ఆవిరి కావాలి. నేలమీదికి కారిపోయిన నీటికి ఈ లెక్కలో చోటు లేదు. బకెట్లకు బకెట్లు పోసినా, పక్కన ఫ్యాను తిరగకపోతే చాలా భాగం మడుగు కట్టడానికే పనికొస్తుంది. మనవాళ్లు ఇంకో పని చేస్తారు. తడి దుప్పటి నిండా కప్పి వదిలేస్తారు. కాసేపటికి ఆ దుప్పటి ఒంటి వేడికి వెచ్చబడి, గాలి తగలనివ్వకుండా అడ్డం కూర్చుంటుంది. తడిపితే మళ్లీ మళ్లీ తడుపుతూ ఉండాలి, మీద గాలి ఆడుతూ ఉండాలి. లేకపోతే దుప్పటి తీసేసి, ఒట్టి ఒంటి మీద నీళ్లు చల్లి విసరడమే మేలు.

ఆవిరికి ఒక పెద్ద చిక్కుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే కొత్త ఆవిరికి చోటుండదు. పల్నాడులో రెంటచింతల, అటు రామగుండం వైపు మే నెల మధ్యాహ్నం గాలి ఎండిపోయి ఉంటుంది. అక్కడ తడిపి విసిరితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది. బందరులోనో కాకినాడలోనో థర్మామీటరు నాలుగైదు గీతలు తక్కువే చూపించవచ్చు, కానీ ఉక్కపోతకు చెమట ధారగా కారుతుందే తప్ప ఆరదు. అక్కడ ఫ్యాను కింద తడిపి కూర్చుంటే ఆలస్యం తప్ప ఫలితం తక్కువ. ఒకటే జబ్బు, రెండు ఊళ్లలో రెండు పద్ధతులు.

మక్కాలో ఈ మంచాల అవసరం ఎందుకొచ్చిందంటే, హజ్ యాత్ర చాంద్రమాన లెక్క ప్రకారం నడుస్తుంది. మన అధిక మాసం లాంటి సర్దుబాటు అందులో లేదు. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, ముప్ఫై మూడేళ్లకు ఒకసారి రుతువులన్నీ చుట్టి వస్తుంది. 1980లో అక్టోబరులో వచ్చింది, 1985లో ఆగస్టు చివర, 1987లో ఆగస్టు మొదట. అంటే ఏడాదికేడాది ఎండలోకి నడుచుకుంటూ పోయారు యాత్రికులు. చుట్టు తిరిగి 2024లో అది జూన్ నడిమికి వచ్చింది. పెద్ద మసీదు దగ్గర 51.8 డిగ్రీలు. ఆ ఏడు 1,301 మంది చనిపోయారని సౌదీ ప్రభుత్వమే చెప్పింది. అందులో నూటికి 83 మంది అనుమతి కాగితాలు లేకుండా వెళ్లినవాళ్లు. అంటే ఏసీ గుడారాలు, బస్సులు వాళ్లకు దక్కలేదు. నాంపల్లి హజ్ హౌస్ నుంచి ఏటా బయల్దేరే మన హైదరాబాదీలకు ఇదేమీ దూరపు ముచ్చట కాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ అక్క హౌస్ సర్జన్సీలో వారం వారం విసుక్కునే విషయమిది. వడదెబ్బ రోగిని తెచ్చినవాళ్లు అడిగే మొదటి మాట, "సెలైన్ పెట్టరా?" రెండోది, "జ్వరం ఇంజెక్షన్ చేయరా?"

జ్వరం వేరు, ఇది వేరు. జ్వరమొచ్చినప్పుడు మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ తనంతట తాను 'ఇవాళ్టికి ఒళ్లు 39లో ఉండాలి' అని నిర్ణయించుకుంటుంది. అందుకే చలి పుట్టి దుప్పటి కప్పుకుంటాం, వణికి వేడి పెంచుకుంటాం. పారాసిటమాల్ వెళ్లి ఆ నిర్ణయాన్ని మారుస్తుంది. ఒళ్లు చెమటలు కక్కి దిగుతుంది. వడదెబ్బలో హైపోథాలమస్ ఏ నిర్ణయమూ మార్చుకోలేదు. అది 37 కావాలని మొత్తుకుంటూనే ఉంది. బయటి నుంచి వచ్చే వేడి, కండరాల్లో పుట్టే వేడి కలిసి దాని శక్తిని మించిపోయాయి. ఇక్కడ పారాసిటమాల్‌కు మార్చడానికి ఏమీ లేదు. పైపెచ్చు అప్పటికే దెబ్బతింటున్న లివర్ మీద ఇంకో బరువు. ఆస్పిరిన్ అయితే రక్తం గడ్డకట్టే తీరునే చెడగొడుతుంది. మాత్రతో దిగే వేడి కాదిది, చేతులతో దింపాల్సిందే.

సెలైన్ సంగతీ లెక్క వేద్దాం. మే నెలలో వార్డు అలమరాలో ఉన్న సీసా ముప్ఫై డిగ్రీలుంటుంది. 41 డిగ్రీల మనిషికి ఒక లీటరు ఎక్కిస్తే 11 కిలో కేలరీలు తగ్గుతాయి. అంటే డిగ్రీలో అయిదో వంతు. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర ఉంచిన సీసా అయితే ముప్పావు డిగ్రీ. సెలైన్ అక్కర్లేదని కాదు, ఒంట్లో నీరు, ఉప్పు పోయినవాడికి కావాలి, కిడ్నీలను కాపాడటానికి కావాలి. కానీ సీసా వేలాడదీసి, పని మొదలైందని కూర్చుంటే వేడి ఎక్కడిదక్కడే ఉంటుంది. ముసలివాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ఆదరాబాదరాగా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరే ప్రమాదమూ ఉంది.

వేడి లోపల చేసే విధ్వంసం చూస్తే ఈ తొందర ఎందుకో తెలుస్తుంది. ఒళ్లు వేడెక్కగానే గుండె రక్తాన్ని చర్మం వైపు మళ్లిస్తుంది. ఎవరి వాటా తగ్గించి? పేగులది. రక్తం తగ్గి, వేడికి వడలిన పేగు గోడ కారడం మొదలుపెడుతుంది. మామూలుగా లోపలే పడి ఉండే బాక్టీరియా విషాలు రక్తంలోకి జొరబడతాయి. వాటి మీద యుద్ధమని ఒళ్లంతా వాపు రేగుతుంది. రక్తం చిన్న నాళాల్లో అనవసరంగా గడ్డకడుతుంది, గడ్డకట్టే సరుకు అయిపోయాక ఇంకోచోట ఆగకుండా కారుతుంది. ఎండలో ఒళ్లొంచి పనిచేసిన మనిషి కండరాలు చితికి, వాటి ఎర్రటి పదార్థం కిడ్నీల్లో అడ్డం పడుతుంది. మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తుంది. మెదడుకు తగిలే దెబ్బ అన్నిటికంటే ముందు బయటపడుతుంది. తిక్కతిక్కగా మాట్లాడడం, తూలడం, ఇంటివాళ్లను గుర్తుపట్టకపోవడం, ఫిట్స్. లోపలి వేడి 40 దాటి, మెదడు తేడా చేసిందంటే అది వడదెబ్బే. చెమట పట్టలేదు కాబట్టి వడదెబ్బ, పట్టింది కాబట్టి కాదు అనే లెక్క నమ్మొద్దు. పని చేస్తూ పడిపోయినవాళ్లు చాలామంది చెమటలో తడిసిపోయి ఉంటారు.

వేడి ఎంత ఎక్కిందన్నదానికంటే ఎంతసేపు నిలిచిందన్నదే మనిషి రాత తేలుస్తుంది. 42 దాకా ఎక్కి పావుగంటలో దిగినవాడు లేచి కూర్చోవచ్చు. 41 దగ్గరే రెండు గంటలు ఉన్నవాడు లేవకపోవచ్చు. పడిపోయిన అరగంటలోపు 40 కిందికి దింపాలని వైద్యులు గడువు పెట్టుకున్నది ఇందుకే.

ఆ గడువులో దింపగలమని నిరూపించిన ఊరు ఫాల్‌మత్. అమెరికాలో మసాచుసెట్స్ తీరాన ఉంది. 1973 నుంచి ఏటా ఆగస్టులో అక్కడ ఏడు మైళ్ల పరుగు పందెం పెడతారు. దూరం తక్కువ కాబట్టి అందరూ ప్రాణం పెట్టి పరిగెడతారు, గాలిలో తేమ, కొందరు ముగింపు గీత దగ్గరే కూలిపోతారు. వైద్య గుడారంలో ఐసునీళ్ల తొట్లు సిద్ధంగా ఉంటాయి. పద్దెనిమిది పందేల్లో 274 మందికి నికార్సైన వడదెబ్బ తగిలింది. వచ్చేసరికి సగటు వేడి 41.4. అందరినీ తొట్లో ముంచారు. నిమిషానికి 0.22 డిగ్రీల చొప్పున దిగింది. 274 మందీ బతికారు. ఒక్కరూ పోలేదు! అదే దేశంలో 2001లో కోరీ స్ట్రింగర్ అనే ఇరవై ఏడేళ్ల ఫుట్‌బాల్ వీరుడు, కొండంత మనిషి, శిక్షణ శిబిరంలో కూలిపోయాడు. ఆసుపత్రిలో కొలిస్తే 108.8 ఫారన్‌హీట్. తెల్లారేలోపే పోయాడు. అతని పేరుమీద కనెక్టికట్ విశ్వవిద్యాలయంలో పెట్టిన సంస్థ ఇవాళ అందరికీ చెప్పేది ఒకటే: ముందు చల్లార్చు, తర్వాత తరలించు.

"ఐసు పెడితే నాళాలు మూసుకుంటాయని ఇందాక నువ్వే అన్నావుగా?"

శభాష్, పట్టుకున్నావు! వైనర్ కాలంలో తొట్టెను వద్దన్నవాళ్లంతా ఆ మాటే అన్నారు. నాళాలు కొంత ముడుచుకునే మాట నిజమే. కానీ నీరు గాలికంటే ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తుంది, పైగా మెడ దాకా ఒళ్లంతా మునిగి ఉంది. నాళాలు ముడుచుకుని ఆపే వేడికంటే నీళ్లు లాగేసే వేడి చాలా ఎక్కువ. అంత వేడెక్కిన మనిషికి వణుకు కూడా వెంటనే రాదు, బాగా దిగాకే మొదలవుతుంది. 2003లో ఒట్టావాలో పరిశోధకులు వాలంటీర్లను ఒళ్లు 40కి చేరేదాకా పరిగెత్తించి, రకరకాల నీళ్లలో కూర్చోబెట్టారు. 2 డిగ్రీల నీళ్లలో నిమిషానికి 0.35 చొప్పున దిగింది. నాకు ముచ్చటేసిన అంకె వేరే ఉంది. 20 డిగ్రీల నీళ్లలో కూడా 0.19 దిగింది. ఐసు లేదని చేతులు ముడుచుకు కూర్చోనక్కర్లేదు. మక్కా మంచం ఆరోగ్యవంతుల మీద చూసినప్పుడు వేగంగానే పనిచేసింది గానీ, నిజం రోగుల దగ్గర తొట్టె కంటే నెమ్మదిగానే దింపింది.

అయితే ఫాల్‌మత్‌లో మునిగినవాళ్లు గట్టిగా ఉన్న పరుగువీరులు. ఇంట్లో రేకుల కింద మూడు రోజులు ఉడికిపోయిన డెబ్భై ఏళ్ల మామ్మ సంగతి వేరు. గుండె జబ్బు ఉంటుంది, బీపీ మాత్రలుంటాయి. ఐసునీళ్లలో దించితే గాభరా పడుతుంది, గుండె కొట్టుకునే తీరు చూడటం కష్టమవుతుంది. అలాంటివాళ్లకు తుంపర, ఫ్యాను పద్ధతి ఇప్పటికీ మంచి దారే. ఇక్కడ వైనర్ ఓడిపోలేదు. కాకపోతే తుంపర మంచం సిద్ధంగా లేనప్పుడు, మామ్మే కదా అని చంకల్లో రెండు ఐసు సంచులు పెట్టి ఊరుకుంటే మాత్రం కుదరదు. మెడ, చంకలు, గజ్జల్లో మాత్రమే పెట్టిన ఐసు చాలా నెమ్మది. పక్కన చేసే సాయమే గానీ అసలు వైద్యం కాదు.

తొట్టె పని ఎలా జరుగుతుందో దగ్గర నుంచి చూడు. రోగి వచ్చేలోపే సగానికి పైగా నీళ్లు, పైన ఐసు తేలుతూ ఉంటుంది. బట్టలు కత్తిరించేస్తారు. ఒక దుప్పటిని పొడుగ్గా మడిచి, ఛాతీ చుట్టూ తిప్పి, చంకల కింద నుంచి వెనక్కి తీస్తారు. తల వైపు నిలబడ్డ మనిషి ఆ రెండు కొసలూ పట్టుకుంటాడు. రోగి జారి మునిగిపోకుండా ఆ పట్టే కాపాడుతుంది. ఇంకొకరు ఆగకుండా నీళ్లు కలుపుతూ ఉంటారు. ఎందుకంటే ఒంటిని ఆనుకున్న నీటి పొర నిమిషంలో వెచ్చబడి అక్కడే నిలిచిపోతుంది, దాన్ని చెదరగొట్టాలి. మలద్వారంలోంచి పదిపదిహేను సెంటీమీటర్లు లోపలికి పెట్టిన సన్నటి వైరు ఒకటి బయట డబ్బాకు కలిపి ఉంటుంది. దాని మీద అంకె మారుతూ కనిపిస్తుంది. మూడో మనిషి చూపు దాని మీదే.

ఆ వైరు దగ్గరే మనవాళ్లకు మొహమాటం. చంకలో పెడితే సరిపోదా అంటారు. చెమటకు తడిసి, దారిలో నీళ్లు చల్లుకుంటూ వచ్చిన మనిషి చర్మం చల్లబడి ఉంటుంది. చంకలోది 38 చూపిస్తుంటే లోపల 41 ఉండొచ్చు. నుదుటికి గురిపెట్టే తుపాకీ థర్మామీటరుదీ అదే అబద్ధం. 38 చూసి 'ఫరవాలేదు' అని పక్క మంచానికి పంపితే అరగంట గడువు అక్కడే కరిగిపోతుంది.

మన దేశంలో ఈ తొట్టె పెద్దాసుపత్రిలోకి అడుగుపెట్టింది ఈ మధ్యనే. 2024 మేలో ఢిల్లీ రామ్ మనోహర్ లోహియా ఆసుపత్రిలో వడదెబ్బ కోసమే ఒక విభాగం తెరిచారు. రెండు సిరామిక్ తొట్లు, ఐసు తయారుచేసే యంత్రం పెట్టారు. కోట్ల రూపాయల స్కానింగ్ యంత్రాల ముందు అదేమంత ఖర్చు? ఇన్నాళ్లు ఎందుకు పట్టిందో నాకు అంతుపట్టదు.

మన దగ్గర అవసరం లేక కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1,200 మందికి పైగా వడదెబ్బకు పోయారు. 2015లో ఆంధ్రలో 1,300కు పైగా, తెలంగాణలో 500కు పైగా. ఎక్కువమంది కూలికి వెళ్లినవాళ్లు, ఉపాధి పనిలో మట్టి తవ్వినవాళ్లు, ముసలివాళ్లు. ఐసుకు కరువా అంటే అదీ లేదు. భీమవరం చుట్టుపక్కల ఐసు ఫ్యాక్టరీల ముందు నిలబడి చూడు, రొయ్యల లారీలకు దిమ్మలకు దిమ్మలు పొడి కొట్టి పోస్తుంటారు. రొయ్య పాడవకుండా చూసుకోవడం మనకు బాగా వచ్చు. ఆ ఐసులో ఓ నాలుగు దిమ్మలు మే నెలలో ఆరోగ్య కేంద్రానికి చేరితే ఎవరి సొమ్మూ పోదు.

తొట్టె లేకపోయినా ధాన్యం ఆరబోసే బరకం ఉంటుంది కదా. అమెరికా సైనికులకూ ఆటగాళ్లకూ నేర్పే పద్ధతే ఇది. బరకం మధ్యలో మనిషిని పడుకోబెట్టి, అయిదారుగురు అంచులు పైకెత్తి పట్టుకుంటారు. నడుమ పల్లం ఏర్పడుతుంది. అందులో నీళ్లు, దొరికితే ఐసు పోసి అటూ ఇటూ ఊపుతూ ఉంటారు. తొట్టెకు కొంచెం తక్కువగా పనిచేస్తుంది, అంతే. ఫీనిక్స్ నగరంలో 2024 వేసవి నుంచి అంబులెన్సుల్లోనే ఐసు నింపిన సంచులు పెట్టుకున్నారు. మనిషిని అందులో పెట్టి జిప్పు లాగి, చల్లబరుస్తూనే ఆసుపత్రికి తీసుకెళ్తారు. ఇలాంటిదే ఇంకోటి విను. అంతకుముందు కాలిఫోర్నియాలో ఒక ఆసుపత్రికి ఎనభై దాటిన ఆవిడ వడదెబ్బతో వచ్చింది. వైద్యులు చేతికందిన శవాల సంచి తెరిచి, ఐసు నీళ్లు నింపి, ఆవిడను అందులో ఉంచారు. పది నిమిషాల్లో రెండు డిగ్రీలు దిగింది, ఆవిడ బతికింది. ఇందాక మామ్మల విషయంలో జాగ్రత్త అన్నానే, ఇది దానికి ఎదురు సాక్ష్యం. వైద్యంలో ఇలాంటి మెలికలు ఉంటాయి.

108 వచ్చేలోపు చేసేది ఇదే: నీడ, బట్టలు వదులు చేయడం, నీళ్లు, గాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో మాత్రం మజ్జిగా పోయొద్దు, మంచినీళ్లూ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఉల్లిపాయ రసం ఒంటికి రాస్తారు చూడు, అందులోని తడి ఆరినంత మేర కాస్త చల్లబడుతుంది. బావి నీళ్లు దానికంటే చవక, వాసనా ఉండదు.

"ఎప్పుడు తీయాలి తాతయ్యా తొట్లోంచి? 37 వచ్చేదాకా ఉంచాలా?"

వద్దు. వైరు మీద 39కి కాస్త కింద, 38.6 దగ్గర తీసేస్తారు. ఎందుకంటే బయటికి తీశాక కూడా చర్మంలో ఉన్న చల్లదనం లోపలికి చేరుతూ ఇంకొంత దింపుతుంది. 37 దాకా ఆగితే 35కి పడిపోయి, ఇప్పుడు వెచ్చబరచలేక చావాలి. తీసి తుడిచి పొడి దుప్పటి కప్పుతారు. వణుకు వస్తే అప్పుడు వస్తుంది. ఆ తర్వాత కూడా వైరు తీయరు. కొందరికి గంటా రెండు గంటల్లో వేడి మళ్లీ ఎక్కుతుంది.

దిగిన వేడితో కథ అయిపోదు. చాలామంది తొట్లోనే కళ్లు తెరిచి, 'నాకేమైంది, ఇంటికెళ్తా' అంటారు. లివర్ దెబ్బ మొదటి రోజు రక్త పరీక్షలో అంతగా కనిపించదు, రెండో రోజుకో మూడో రోజుకో ఆ అంకెలు గుప్పున పైకి లేస్తాయి. కండరాల నుంచి వచ్చిన సరుకు కిడ్నీలను అదే సమయంలో ఇబ్బంది పెట్టవచ్చు. అందుకని లేచి కూర్చుని ఇడ్లీ తింటున్న మనిషిని కూడా పట్టి ఉంచి, రోజూ రక్తం తీస్తారు. ఇంటికి పంపేటప్పుడు కొన్ని వారాలు ఎండలో పనికి పోవద్దని చెబుతారు. ఒకసారి దెబ్బతిన్న ఒళ్లు అన్నాళ్లూ వేడికి తేలిగ్గా లొంగిపోతుంది. రోజు కూలీ మీద బతికేవాడు ఆ మాట ఎలా పాటిస్తాడన్నది మీ అక్క నన్నడిగిన ప్రశ్న. దానికి మాత్రం నా దగ్గర భౌతిక శాస్త్రం లేదు.